తెర వెనక వారణాసి

తొమ్మిది దాటింది. నక్షత్రకుడు ఇంకా రాలేదు.

ఎందుకు రాలేదో గదిలో అందరికీ తెలుసు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. శివరాత్రినాడు నంద్యాల నుంచి మహానందికి బస్సులు ఎడతెరిపి లేకుండా తిరుగుతాయి. ఏడాదిలో ఏ రోజుకైనా సెలవు అడగొచ్చు గానీ ఈ ఒక్కరోజుకు అడగలేడు. ఊళ్లో నాటకం వేసేదీ ఈ ఒక్కరోజే. ఫోను చేస్తే, "ఇదే లాస్టు ట్రిప్పు మామా, గుడి కాడ జనాన్ని దించేసి వచ్చేస్తా" అన్నాడు. వెనక హారన్లు, హరహర మహాదేవ కేకలు. గంట కిందటా ఇదే మాట చెప్పాడు.

మీరు ఆ తలుపు పక్కన కూర్చోండి. వచ్చేపోయేవాళ్లకు అడ్డం లేకుండా కాళ్లు ముడుచుకోండి. ఇది బడిలో ఐదో తరగతి గది, ఈ రాత్రికి గ్రీన్‌రూము. ఒక్కటి తప్ప బెంచీలన్నీ వరండాలోకి పోయాయి, జంపఖానా లోపలికి వచ్చింది. ఎక్కాల పట్టిక పక్కన మేకుకు విశ్వామిత్రుడి గడ్డం వేలాడుతోంది. కిటికీ అవతల అరటి తోటలు, వాటి వెనక నల్లమల. మహానంది వైపు ఆకాశం పండగ లైట్లకు ఎర్రగా ఉంది.

హరిశ్చంద్రుడు చిన్నపిల్లల బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాడు. అరటి రైతు. మహానంది కోనేటి నుంచి బయటికి పారే నీళ్లే ఆయన తోటకు ఆధారం. మేకప్పు మనిషి తెల్లపొడి, గులాబిపొడి అరచేతిలో వేసుకుని, కొబ్బరినూనె చుక్కలు రాల్చి, బొటనవేలితో మెదిపి నుదుటి నుంచి కిందికి పూస్తున్నాడు. చెమట పట్టినచోట రంగు పట్టదు. తుండుతో ఒత్తి మళ్లీ పూస్తాడు. మొహం అయింది, మెడ అయింది, చేతుల దగ్గర ఆగిపోయాడు.

"ఏందప్పా ఈ మరకలు? కడుక్కోని రమ్మంటి గదా."

"కడిగినా. కిరసనాయిలు పెట్టి రుద్దినా. అరటి జిగురు, యాడ పోతాది?"

"రాజు చేతులు ఇట్లుంటాయా?"

"కాటికాపరి చేతులు ఇట్లనే ఉంటాయిలే. సగం నాటకానికి సరిపాయె."

మేకప్పు మనిషి నవ్వలేదు. రెండుసార్లు రంగు కొట్టినా మరకలు అడుగు నుంచి మచ్చల్లా తేలుతూనే ఉన్నాయి. కిరీటం పెడితే చెవుల మీదికి దిగింది. పోయిన వారం ఇంకో ఊళ్లో దుర్యోధనుడు పెట్టుకున్నదట. పాత పేపరు మడతలు పెట్టి లోపల కుక్కారు. ఇప్పుడు బిగుసుకుంది. అద్దం ముక్కలో చూసుకుని, తల అటూ ఇటూ ఊపి, "పడదులే" అన్నాడు రాజు.

అసలు నక్షత్రకుడు రాకపోయినా, బాకీ కోసం వెంటబడే ఆ పని చేసే మనిషి మాత్రం సాయంత్రం నుంచి గుమ్మంలోనే ఉన్నాడు. డ్రస్సుల కంపెనీ ఆయన. రెండు ట్రంకు పెట్టెలు తెచ్చాడు. ఒకటి తెరిచాడు, రెండోదానికి తాళం. మిగిలిన బాకీ చేతిలో పడితేనే అది తెరిచేది. కాటి సీను బట్టలు, ఆఖరున శివుడికి కావాల్సిన పులితోలు, త్రిశూలం అన్నీ దాంట్లోనే ఉన్నాయి. కమిటీ పెద్దమనిషి చందాల పుస్తకం తిరగేస్తున్నాడు. పేర్లున్నాయి, పేర్ల ఎదురుగా అంకెలున్నాయి, డబ్బు లేదు. గాలివానకు తోటలు పడిపోయిన ఏడు ఎవరిని గట్టిగా అడుగుతాడు? అట్లని డ్రస్సుల ఆయన్నీ తప్పు పట్టలేం. శివరాత్రికీ శ్రీరామనవమికీ మధ్య నాలుగు రాళ్లు చేసుకుంటేనే ఏడాదంతా ఆ మఖమలు కోట్లను పురుగు కొట్టకుండా కాపాడుకునేది.

ఆ మాటకొస్తే నాటకం కథంతా బాకీ కథే. విశ్వామిత్రుడికి ఇస్తానన్న సొమ్ము కోసం, రాజ్యం పోగొట్టుకున్న రాజు కాశీ వీధుల్లో పెళ్లాన్నీ కొడుకునూ, ఆఖరికి తననూ అమ్ముకుంటాడు. చిన్నతనంలో ఈ కథను నాటకంగా చూసి, తర్వాత ఎన్నిసార్లు తనలో తానే ఆడుకున్నాడో లెక్కలేదని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. మన దగ్గర బలిజేపల్లి లక్ష్మీకాంతం కవి రాసిన హరిశ్చంద్ర తరాలు మారినా ఊళ్లలో ఆడుతూనే ఉంది. గాంధీకి అందులో సత్యం కనిపించింది. చందాల పుస్తకం పట్టుకున్న పెద్దమనిషికి మాత్రం ఎప్పుడూ నక్షత్రకుడే కనిపిస్తాడు.

మైకు సెట్టు కుర్రాడు తొంగిచూశాడు. "ఎన్నింటికి మొదలుపెడతారన్నా? స్టేషన్లో పన్నెండు దాకానే అని చెప్పినారు."

ఇదొక గండం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. పండగలకు సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి దాకానే, అదీ ఏడాదిలో పదిహేను రోజులు మించకుండా. హరిశ్చంద్ర అనేది తెల్లవారుజామున ముగిసే నాటకం. జనం ఎదురుచూసే కాటి సీను రెండింటికి గానీ రాదు. చట్టం ప్రకారమైతే హరిశ్చంద్రుడు వారణాసి చేరేసరికే మైకు కట్టేయాలి. జాగారం రాత్రి కాబట్టి చూసీ చూడనట్టు పోతారని అందరికీ నమ్మకం. నమ్మకమే గానీ కాగితం లేదు.

మూలన హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన నాటకం అయ్యవారు. ఆళ్లగడ్డ వైపు మనిషి. దసరా అయినప్పటి నుంచి మోపెడ్ మీద వచ్చి ఒద్దికలు చేయిస్తున్నాడు. పుస్తకం చదవలేని వాళ్లకు పద్యం చెవి గుండానే ఎక్కించాలి. ఒక్కో పాదం ఆయన పాడతాడు, వాళ్లు అందుకుంటారు. రాగం జారితే హార్మోనియం మెట్టు ఒకటే నొక్కిపట్టి, కళ్లతోనే తిడతాడు. పగలంతా గెలలు మోసి వచ్చినవాళ్లు మోహన ఎత్తుకునేసరికి ఆవలిస్తారు. 2024లో మహానంది గుడి చుట్టుపక్కలే చిరుత తిరిగింది. ఆ ఏడు పొద్దుగూకినాక ఒద్దికకు రమ్మంటే ఎవరొస్తారు? ఇంటింటికీ టార్చిలైటు వేసుకుపోయి పిల్చుకొచ్చింది ఈయనే.

ఈసారి కమిటీలో కుర్రకారు ఆర్కెస్ట్రా పెడదామన్నారు. అది కాకుంటే కాంట్రాక్టు నాటకం. కాంట్రాక్టు అంటే పేరున్న నటులు తలో దిక్కు నుంచి వచ్చి స్టేజీ మీదే కలుసుకుంటారు. వారణాసి సీనుకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు ఇంకొకడు. రాయబారమైతే ఇద్దరు ముగ్గురు కృష్ణులు. గొప్ప గొంతులే, కాదనేదేముంది. కానీ మొదట్లో రాజ్యం పోగొట్టుకున్నవాడు ఒకడు, కాట్లో కన్నకొడుకు శవానికి సుంకం అడిగేవాడు వేరొకడు అయితే మనం ఎవరి కోసం ఏడవాలి? రాగం నాలుగుచోట్ల జారినా సరే, మొదలు నుంచి చివరిదాకా ఒకే మనిషి కళ్ల ముందు నలిగిపోవాలి. నాకు అదే నాటకం. అయ్యవారిదీ ఇదే అభిప్రాయం గానీ, ఆయన చెప్పిన మాటలు ఇక్కడ రాసేట్టు లేవు.

ఊరి మగవాళ్లే అన్ని వేషాలూ కట్టినా ఒక్కటి మాత్రం బయటి నుంచి రావాలి, హరిశ్చంద్రుడి రాణి చంద్రమతి. ఆమె ఎనిమిదిన్నరకే వచ్చింది. నిన్న రాత్రి ఇంకో ఊళ్లో ఇదే వేషం, రేపు ఇంకో ఊళ్లో. బస్సులోనే నిద్ర. దిగగానే కమిటీ వాళ్లను అడిగిన మొదటి మాట పద్యాల గురించి కాదు, "బాత్రూముకు నీళ్లున్నాయా?" అని. బడి బాత్రూముకు తాళం. తాళంచెవి ఉన్నాయన శ్రీశైలం పోయాడు. మగవాళ్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, హరిశ్చంద్రుడి కూతురు ఆమె పెట్టె అందుకుని "రాక్కా, మా ఇంటికి పోదాం" అని పిల్చుకుపోయింది.

ఇప్పుడు ఆమె హెడ్మాస్టరు గదిలో బీరువా అద్దం ముందు కొప్పు బిగించుకుంటోంది. మాటల్లో మాటగా చెబుతోంది. వెనక చింతామణి వేషానికి పిలుపులు ఎక్కువ వచ్చేవి. 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనాన్ని దుయ్యబడుతూ రాసిన నాటకం అది. సుబ్బిశెట్టి పాత్రతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఎన్నో ఏళ్లు మొత్తుకున్నారు. నన్నడిగితే పుస్తకంలో లేని బూతులు చేర్చి చప్పట్లు కొట్టించుకున్న వాళ్లకూ అందులో వాటా ఉంది. "జోకులు ఏసినోళ్లు బాగనే ఉన్నారు, ఆడవేషాలకే రాత్రులు తగ్గినాయి" అంది ఆమె, పిన్ను పళ్ల మధ్య పట్టుకుని.

పది కావస్తుండగా బయట బండి ఆగింది. నక్షత్రకుడు! ఖాకీ ప్యాంటు మీదనే పంచె చుట్టారు, పిలక అతికించారు. "టిఫిన్ ఏమన్నా ఉందా?" అంటున్నాడు పాపం. ఉప్మా పొట్లం విప్పేలోపే బయట ప్రార్థన అందుకున్నారు.

ఇక ఇక్కడ పని లేదు, పదండి. స్టేజీ కుడిపక్క తెర చాటుకు రండి. చూసేవాళ్లకు కోట కనిపిస్తుంది, మనకు కోట వెనక వెదురు బొంగులు, గోనెపట్ట, పురికొస. థర్మాకోలు శివలింగం ఆఖరి సీను కోసం గోడకు ఆనించి ఉంది. విశ్వామిత్రుడు దాన్ని వేలితో కొట్టి చూస్తున్నాడు. ఈయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి, ఈ ఊరి అల్లుడు. గోళ్ల సందుల్లో రాతిపొడి.

"ఇదేం లింగమప్పా, ఊదితే ఎగిరిపోతాది. చెప్పింటే నేనే చెక్కి తెద్దును గదా."

"తెస్తే ఎత్తేదెవరు సామీ?"

నవ్వబోయి దగ్గు తెరలో పడ్డాడు. ఏళ్ల తరబడి రాతిదుమ్ము మింగిన ఊపిరి. పద్యం నాలుగో పాదంలో రాగం సాగదీయలేక మధ్యలోనే కోసేస్తాడు. విశ్వామిత్రుడికి కోపమెక్కువ కదా, కోపంతోనే ఆపేశాడనుకుంటారు జనం.

హరిశ్చంద్రుడి కూతురు, ఆ పిల్ల ఇక్కడే ఉంది. నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. తెర సందులోంచి పడే వెలుతురులో పుస్తకం పట్టుకుని నిలబడింది. క్యాలెండరు కాగితం అట్ట, ఊడిపోయిన పేజీలు. పక్కకు వంగి ఆ పేజీ చూడండి. పద్యాల పక్కన పెన్సిలు రాతలు: "ఇక్కడ మామ మర్చిపోతాడు", "నాయన రెండో పాదం ముందు పాడతాడు", "తమ్ముడికి సైగ". ప్రాంప్టింగు ఆమెదే. హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడి వేషం ఆమె తమ్ముడిదే, ఐదో తరగతి. బాడుగ చంద్రమతి నాటకం రోజు గానీ రాదు, మరి ఇన్నాళ్లూ ఒద్దికల్లో హరిశ్చంద్రుడికి ఎదురు ఎవరు నిలబడాలి? ఎవరో ఒకరు చదవాలి కాబట్టి ఈ పిల్ల చదివింది. చదివి చదివి పాడింది. ఇప్పుడు చంద్రమతి పద్యాలన్నీ ఆమెకు పుస్తకం లేకుండా వచ్చు. అయినా తెర చాటు దాటి నాలుగడుగులు వేసే హక్కు లేదు. "మనింటి ఆడపిల్ల స్టేజీ ఎక్కడమా?" అని ఒక్కమాటలో తేలిపోయింది.

1913లో ఫాల్కే ఇదే కథను సినిమాగా తీసినప్పుడు ఆడవాళ్లెవరూ ముందుకు రాక, రాణి వేషం అన్నా సాళుంకే అనే మగవాడు వేశాడు. అది బొంబాయి. మన పక్కనే కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన వనారస వారి సమాజంలో ఇంటి ఆడవాళ్లే వేషాలు కడుతూ వచ్చారు. ఇక్కడికి దగ్గరి తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, ఆడవేషం ఆడవాళ్లే వేయాలని వాదించి, చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చాడు. ఇంత దగ్గర ఇంత జరిగినా ఆ గాలి ఈ ఊరి పొలిమేర దాకా రాలేదు. బాడుగకు వచ్చిన ఆడమనిషి అయితే దండం పెడతారు, సొంత ఊరి పిల్లయితే పెళ్లి సంబంధాల లెక్క తీస్తారు.

ఒంటిగంటకు రెండో పెట్టె తెరుచుకుంది. ఎట్లాగంటే, చదివింపుల డబ్బుతో. నక్షత్రకుడు నిద్రలేని కళ్లతో, ఖాళీ కడుపుతో కాశీ దారిలో రాజును పీడించిన తీరుకు జనం పడిపడి నవ్వారు. నూటపదహార్లు, ఐదువందల పదహార్లు వరసగా వచ్చి పడ్డాయి. కమిటీ పెద్దమనిషి నోట్లు లెక్కపెట్టి డ్రస్సుల ఆయన చేతిలో పెట్టాడు. తాళం తీసిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.



కాటి సీను. లైట్లు తగ్గాయి. బలిజేపల్లి వారి పద్యాల నడుమ జాషువా శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడటం ఈ సీనుకు ఎప్పటి నుంచో ఆనవాయితీ. వాటికోసమే మేలుకున్న ముసలివాళ్లు ముందు వరసల్లో దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. అరటి రైతు గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చేతుల మీద రంగు పోయింది, మరకలు బయటపడ్డాయి, ఇప్పుడు అవి ఉండాల్సినవే. చంద్రమతి ఒళ్లో కొడుకు శవం. మొదటి పద్యం సగంలో ఉంది. జనంలో ఎవరో ముక్కు చీదారు.

"ఒక్క నిమిషం... ఒక్క నిమిషం ఆపాల..."

నాయకుడు వచ్చాడు. వెంట ఇరవై మంది, శాలువాలు, ఫోన్ల వెలుగు. హరిశ్చంద్రుడికి దండ, కాటి యజమాని వీరబాహుడికి దండ, అయ్యవారికి శాలువా. ఆనక ప్రసంగం: కళలను కాపాడుకోవాలి. చంద్రమతి తల వంచుకుని, ఒళ్లో పిల్లవాణ్ణి పట్టుకుని కదలకుండా కూర్చుంది. లేస్తే శవమూ లేవాలి. పిల్లవాడు ఎప్పుడో నిజంగానే నిద్రపోయాడు. దోమ కుట్టిందేమో, శవం చెయ్యెత్తి చెంప మీద ఛట్టున కొట్టుకుంది. ఊరు ఊరంతా నవ్వింది. ఇంతసేపూ పోగుచేసుకున్న ఏడుపంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. అయ్యవారు శాలువా తీసి హార్మోనియం మీద పడేసి కళ్లు మూసుకున్నారు.

నాయకుడు పోయాడు. సీను మళ్లీ ఎత్తుకోవాలి. చంద్రమతి నోరు తెరిచింది, మాట రాలేదు. ఊరూరికీ పద్యాల వరస మారుతుంది, నిన్నటి ఊళ్లో ఇక్కడ వేరే పద్యం. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఆగింది. ఒకటి, రెండు... పిల్ల అందించింది. మొదటి మాట చెప్పి ఊరుకోవాల్సింది ప్రాంప్టింగు. ఆమెకు ఒద్దికల అలవాటు, రాగంతోనే వచ్చేసింది. స్టేజీ అంచున ఉన్న మైకు ఆ గొంతును పట్టేసింది. అరపాదమే. సన్నటి గొంతు, వణుకు లేదు. ముందు వరసలో దుప్పటి తీసి ఒక ముసలామె పక్కకు చూసింది. "ఎవుర్దే ఆ గొంతు?"

చంద్రమతి అందుకుంది. అందుకుని, నిన్నటి ఊరిని మర్చిపోయి పాడింది. వచ్చిన చిక్కల్లా హరిశ్చంద్రుడితోనే. సుంకం అడగాల్సిన చోట కాటికాపరి తెర చాటుకేసి చూస్తూ నిలబడిపోయాడు. పిల్ల పేజీ తిప్పి, "సుంకం నాయనా, సుంకం" అంది.

తెల్లవారింది. థర్మాకోలు లింగం ఒక అంచు విరిగి వరండాలో పడుంది. నక్షత్రకుడు మొహం కడక్కుండానే డ్యూటీకి పోయాడు, పిలక ఊడిందో లేదో తెలియదు. పెద్దమనిషి పుస్తకంలో కూడికలు చేస్తున్నాడు. తబలా ఆయనకు, లైట్ల వాళ్లకు ఇంకా ఇయ్యాలి. పిల్లవాణ్ణి వాళ్లమ్మ నిద్రలోనే భుజాన వేసుకుపోయింది. చంద్రమతి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, నంద్యాల బస్సుకు పెట్టె సర్దుకుంటూ హరిశ్చంద్రుడి దగ్గర ఆగింది.

"అన్నా, పాపను నాతో పంపమని అడగనులే. మీ ఊరి నాటకంలోనన్నా నిలబెట్టండి. నాకిచ్చే డబ్బులు మిగులుతాయి."

"నీ కూడు నువ్వే చెడగొట్టుకుంటుండావే?" అన్నాడు విశ్వామిత్రుడు.

"ఊర్లు శానా ఉన్నాయిలే సామీ."

అయ్యవారు హార్మోనియానికి గుడ్డ చుడుతూ అన్నారు: "వచ్చే ఏటికి రామాంజనేయ యుద్ధం పడదాం. యయాతి పెండ్లాం వేషానికి బయట ఎవురికీ అడ్వాన్సు ఇయ్యొద్దు. ఏమప్పా?"

హరిశ్చంద్రుడు కిరీటంలోంచి పేపరు మడత బయటికి లాగుతున్నాడు. "మా అన్నదమ్ములతో ఒకమాట అనుకోవాల. వాళ్లమ్మ ఏమంటాదో. చూద్దాంలే."

"చూద్దాంలే అంటే కాదు. ఇంతమందిలో మాటియ్యి."

"మాట మాత్రం ఇయ్యను సామీ. మాటిస్తే ఏమైతాదో రాత్రంతా చూస్తిరి గదా."

గదిలో అందరూ పగలబడి నవ్వారు. పిల్ల నవ్వలేదు. "రామాంజనేయ యుద్ధం పుస్తకం మీ కాడ ఉందా అయ్యవారూ?" అని అడిగింది.